టర్బో పెట్టే ముందు ఇంజనును అడగండి

కారులో నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, లోపల ఏసీ. ఘాట్ రోడ్డు మొదలవగానే బండికి ఆయాసం వస్తుంది. మూడో గేరు లాగదు, రెండో గేరుకు దిగితే ఇంజను గోల పెడుతుంది. ఇంతలో వెనక నుంచి అదే సైజు కారొకటి చప్పుడు లేకుండా దాటి వెళ్లిపోతుంది. దాని డిక్కీ తలుపు మీద 'టర్బో' అన్న అక్షరాలు మెరుస్తుంటాయి. ఆ రాత్రి మీకు నిద్ర పట్టదు. మన బండికీ ఒక టర్బో తగిలిస్తే ఎలా ఉంటుంది?

ఆలోచన మంచిదే. టర్బో లేకుండా పుట్టిన ఇంజనుకు తర్వాత టర్బో అమర్చి, ఏళ్ల తరబడి హాయిగా నడుపుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అమర్చిన వారానికే పిస్టన్ పగలగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ ఇద్దరికీ తేడా చాలావరకు డబ్బులో లేదు, ముందు వేసుకున్న ప్రశ్నలో ఉంది.

ఎక్కువమంది వేసే ప్రశ్న ఇది: "మా ఇంజను కంప్రెషన్ రేషియో పది. టర్బో పెట్టొచ్చా?" పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె అది. తొమ్మిదైతే సరే, పదైతే వద్దు అన్నట్టు ఒక గీత గీసి చెబుతారని ఎదురుచూస్తారు. అలాంటి గీత లేదు. అసలు హద్దు నాకింగ్, అంటే మిశ్రమం వేళ కాకుండా తనంతట తానే అంటుకోవడం. ఆ హద్దును కంప్రెషన్ రేషియో ఒక్కటే తేల్చదు. సిలిండర్‌లోకి వెళ్లే గాలి వేడి, పెట్రోలు ఆక్టేన్, స్పార్క్ టైమింగ్, గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు అన్నీ కలిసి తేలుస్తాయి. ఈ అధ్యాయం చివరికి వచ్చేసరికి మీ ఇంజనును ఏమేం అడగాలో మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక పాత కథ. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ జెట్‌ఫైర్ అనే కారు తెచ్చింది. టర్బోతో జనానికి అమ్మిన తొలి కార్లలో అదొకటి. 215 ఘనపుటంగుళాల చిన్న వీ8 ఇంజను, సరిగ్గా 215 హార్స్‌పవర్. ఇంజనీర్లు ఒక సాహసం చేశారు. అప్పట్లో టర్బో పెట్టేవాళ్లు కంప్రెషన్ రేషియో తగ్గించేవాళ్లు. వీళ్లు మాత్రం 10.25కి 1 దగ్గరే ఉంచేశారు. బూస్టు, అంటే టర్బో అదనంగా నొక్కే గాలి ఒత్తిడి, 5 పీఎస్‌ఐ. మరి నాకింగ్ రాకుండా ఏం చేశారు? డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఒక ట్యాంకులో పోసి, బూస్టు వచ్చినప్పుడల్లా గాలితోపాటు లోపలికి చిమ్మే ఏర్పాటు పెట్టారు. దానికి 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' అని పేరు. ద్రవం అయిపోతే బూస్టును తగ్గించే వాల్వు కూడా ఉంది.

లెక్క సరిపోయింది, మనుషుల అలవాటు సరిపోలేదు. చాలామంది ఆ ట్యాంకు నింపడం మర్చిపోయారు. బండిలో బలం తగ్గిందని ఫిర్యాదులు మొదలయ్యాయి. రెండేళ్లలో పదివేలలోపు కార్లే తయారయ్యాయి. చివరికి టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటర్ బిగించి ఇచ్చే పరిస్థితి వచ్చింది.

అరవై ఏళ్ల క్రితమే 10.25 కంప్రెషన్ మీద టర్బో పనిచేసిందన్నమాట. పనిచేయనిది దాన్ని కాపాడే ఏర్పాటు. మీ ప్రాజెక్టుకూ ఇదే కీలకం. కాబట్టి ఒక్కో మెట్టూ చూద్దాం.

1. మీకు ఎంత కావాలో ముందు కాగితం మీద రాయండి

"ఎంత వస్తే అంత" అనేవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. ఘాట్ ఎక్కడానికి పికప్ కావాలా? రేస్ ట్రాక్ మీద పరుగు కావాలా? మొదటిదైతే మూడో వంతు అదనపు బలం చాలు, చాలా ఇంజన్లకు లోపలి భాగాలు ముట్టుకోకుండానే అది వస్తుంది. రెట్టింపు కావాలంటే పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్లచ్, గేర్‌బాక్స్ అన్నీ మార్చాలి. అప్పుడది వేరే పని, వేరే బడ్జెట్.

ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ మజ్డా మియాటా. 1989లో వచ్చిన ఈ రెండు సీట్ల కారులో 1.6 లీటర్ల ఇంజను, అమెరికా మోడల్లో 116 హార్స్‌పవర్, కంప్రెషన్ రేషియో 9.4కి 1. ఇనుప బ్లాకు, గట్టి నిర్మాణం. అందుకే టర్బో అమర్చుకునేవాళ్లకు అది ముద్దుబిడ్డ అయింది. అయినా దానికీ హద్దుంది. చక్రాల దగ్గర 220, 250 హార్స్‌పవర్ ప్రాంతానికి వెళ్తే ఫ్యాక్టరీ రాడ్లు వంగుతాయని ట్యూనర్లు ముందే హెచ్చరిస్తారు. ఇక్కడ విరిచేది కంప్రెషన్ కాదు, టార్క్.

2. బూస్టు కంటే ముందు వేడిని లెక్కించండి

నాకింగ్ అంటే ఏమిటి? ప్లగ్ అంటించిన మంట సిలిండరంతా పాకేలోపే, మూలన మిగిలిన మిశ్రమం ఒత్తిడికీ వేడికీ తాళలేక తనంతట తానే భగ్గుమనడం. బయటికి డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు టకటకమని వినిపిస్తుంది. లోపల మాత్రం పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నటి గట్లు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ కాలుతుంది.

టర్బో గాలిని నొక్కుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపుతో గాలి కొట్టినవాళ్లకు పంపు అడుగు భాగం చురుక్కుమనడం గుర్తుండే ఉంటుంది. అదే ఇక్కడా జరుగుతుంది. లెక్క చూడండి. బయట 35 డిగ్రీలు, బూస్టు 6 పీఎస్‌ఐ, కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే, టర్బో నుంచి బయటికొచ్చే గాలి 83 డిగ్రీల దగ్గర ఉంటుంది. బూస్టు 10కి పెంచితే 110 డిగ్రీలు. మే నెల విజయవాడలో బయటే 43 ఉంటే, 6 పీఎస్‌ఐకే 90 దాటిపోతుంది.

వేడి గాలి పలచన కూడా. 6 పీఎస్‌ఐ అంటే కాగితం మీద 41 శాతం అదనపు ఒత్తిడి. కానీ 83 డిగ్రీల వేడితో లోపలికి పోతే నిజంగా పెరిగే గాలి 22 శాతమే. మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి 50 డిగ్రీలకు దించితే అదే బూస్టుకు 34 శాతం వస్తుంది. నాకింగ్ భయమూ తగ్గుతుంది. "తక్కువ బూస్టే కదా, ఇంటర్‌కూలర్ ఎందుకు?" అనేవాళ్లకు ఈ రెండు అంకెలు చూపించండి. మన ఎండల్లో ఇంటర్‌కూలర్ లేని టర్బో ప్రాజెక్టుకు ఒప్పుకోకండి.

3. 'ఎఫెక్టివ్ కంప్రెషన్' పట్టికను గుడ్డిగా నమ్మకండి

టర్బో గురించి వెతికిన ప్రతివాళ్లకూ ఒక సూత్రం ఎదురవుతుంది. బూస్టును 14.7తో భాగించి, దానికి ఒకటి కలిపి, కంప్రెషన్ రేషియోతో గుణించండి. 9.4 ఉన్న ఇంజనుకు 6 పీఎస్‌ఐ పెడితే 13.2 వస్తుంది. ఆ జవాబు 12 దాటితే ఇంజను పోతుందని పట్టిక కింద ఎర్రక్షరాల్లో రాసి ఉంటుంది.

నిజమేనా? మజ్డా వాళ్లదే మరో ఇంజను చూడండి. 2016 సీఎక్స్-9లో వచ్చిన 2.5 లీటర్ల టర్బో. కంప్రెషన్ 10.5కి 1, బూస్టు 17 పీఎస్‌ఐ దాకా. సూత్రం ప్రకారం 22 దాటుతుంది, డీజిల్ ఇంజన్లను మించిన అంకె. అయినా ఆ కారు అమెరికాలో అన్నిటికంటే చవకైన పెట్రోలుతో వారంటీ మీద తిరిగింది.

సూత్రం ఎక్కడ తప్పింది? అది ఒత్తిడిని మాత్రమే చూస్తుంది. ఇంటర్‌కూలర్ లాగేసిన వేడి దానికి తెలియదు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు సిలిండర్‌లోనే ఆవిరై లోపలి గాలిని చల్లబరచడం తెలియదు. టైమింగ్ వెనక్కి లాగడం తెలియదు. ఒకే ఇంజను మీద రెండు బూస్టులను పోల్చి చూడటానికి ఆ పట్టిక కాస్త పనికొస్తుంది. రెండు వేరే ఇంజన్లను పోల్చడానికి అస్సలు పనికిరాదు.

4. అయితే ఎంత కంప్రెషన్‌కు ఎంత బూస్టు?

చరిత్ర ఒక దారి చూపిస్తుంది. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో వచ్చింది. అదే కారు టర్బో లేని టీఐఐ రకంలో కంప్రెషన్ 9.5 ఉంటే, టర్బోకు 6.9కి దించేశారు. 1975 పోర్షా 911 టర్బోలో 6.5. 1977లో చూపించిన సాబ్ 99 టర్బోలో 7.2. అన్నిటికీ ఒకటే జబ్బు: బూస్టు వచ్చేదాకా బండి నిద్రపోతున్నట్టు ఉండేది. కంప్రెషన్ తగ్గిస్తే బూస్టు లేని సమయంలో, అంటే ఊళ్లో రోజూ నడిపే సమయంలో, పికప్పూ మైలేజీ రెండూ పడిపోతాయి. ఈ సంగతి కంప్రెషన్ తగ్గించుకోమని సలహా ఇచ్చేవాళ్లు చెప్పరు.

1980ల మొదట్లో సాబ్ ఒక మలుపు తిప్పింది. ఇంజనుకు నాక్ సెన్సార్ బిగించి, నాకింగ్ మొదలవగానే బూస్టు దానంతటదే తగ్గే ఏపీసీ పద్ధతి తెచ్చింది. కాపలా మెరుగైన కొద్దీ కంప్రెషన్ పెంచుకోవడానికి ధైర్యం వచ్చింది. ఆ తర్వాత జపాన్ కంపెనీలూ జాగ్రత్తగానే నడిచాయి. టయోటా సుప్రాలో టర్బో లేని 2జేజెడ్ ఇంజనుకు 10, టర్బో రకానికి 8.5. మజ్డా 2004లో తానే టర్బో బిగించి అమ్మిన మజ్డాస్పీడ్ మియాటాకు 9.5 ఉంచి, 178 హార్స్‌పవర్ తీసింది. టర్బో లేని అదే 1.8 ఇంజనుది 10. అంటే తగ్గించింది అర పాయింటే. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే ఫోక్స్‌వాగన్, స్కోడా 1.0 టీఎస్‌ఐ ఇంజన్లకు 10.5 ఉంది.

డైరెక్ట్ ఇంజెక్షన్ లేని, పోర్టులో పెట్రోలు చిమ్మే పాతతరం ఇంజను మీది అనుకుందాం. 95 ఆక్టేన్ పెట్రోలు, మంచి ఇంటర్‌కూలర్, సరైన ట్యూనింగ్ ఉంటే ఈ అంకెలతో మొదలుపెట్టొచ్చు. కంప్రెషన్ 9 లోపు ఉంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ. 9 నుంచి 10 మధ్య ఉంటే 5 నుంచి 8. 10 నుంచి 11 మధ్య ఉంటే 4, 5 దగ్గర ఆగి ప్రతి చుక్కా కొలుచుకుంటూ వెళ్లాలి. 11 దాటిన ఇంజనును పిస్టన్లు మార్చకుండా ముట్టుకోకపోవడమే మంచిది. ఇవి మొదలుపెట్టే చోట్లే కానీ హామీలు కావు. మారుతి స్విఫ్ట్‌లో వచ్చిన కె12ఎన్ డ్యూయల్‌జెట్ ఇంజను కంప్రెషన్ 12కి 1. మైలేజీ కోసం అంత పిండి తయారుచేసిన ఇంజను అది. దాని మీద టర్బో పెట్టిస్తామని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి.

5. ఇంజను ఆరోగ్యం చూడకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి

లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు. ఓనరు షెడ్డుకు వెళ్లి అడుగుతాడు.

"అన్నా, టర్బో కిట్టు తెప్పించాను. ఎప్పుడు బిగిస్తావు?"

"ముందు కంప్రెషన్ చూద్దాం సార్. బోరుకొచ్చిన ఇంజనుకు టర్బో పెడితే రెండూ పోతాయి."

ఇలాంటి మెకానిక్ దొరికితే వదలకండి. పరీక్ష గంట పని. ఇంజను వేడెక్కాక ఆపి, ప్లగ్గులన్నీ తీసి, పెట్రోలు, ప్లగ్గులకు వెళ్లే కరెంటు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, గేజి పెట్టిన ఒక్కో సిలిండర్‌కూ నాలుగైదు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే అంకెలు అబద్ధం చెబుతాయి. నాలుగు సిలిండర్లకు నాలుగు అంకెలు రాసుకోండి. పెద్దదానికీ చిన్నదానికీ తేడా పది శాతం దాటితే ఆగండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్.

అన్ని సిలిండర్లూ మామూలుకన్నా ఎక్కువ చూపించినా సంతోషపడొద్దు. లోపల కార్బన్ పేరుకుని ఉండొచ్చు. ఆ కార్బన్ నిప్పుకణికలా ఎర్రబడి నాకింగ్‌కు పిలుపునిస్తుంది.

6. బంకులో ఆక్టేన్ అంకెను సరిగ్గా చదవండి

టెక్సస్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య తన కారును 93 పెట్రోలుతో ట్యూన్ చేయించుకున్నాడనుకోండి. అదే ట్యూనింగ్ ఫైలును విజయవాడలో అదే ఇంజను ఉన్న తమ్ముడికి పంపాడు. తమ్ముడు బంకులో 95 పోయించి, "మనది వాళ్లకంటే మెరుగే అన్నయ్యా" అని మురిసిపోతాడు. వారంలోపు ఇంజను కొట్టుకోవడం మొదలవుతుంది.

ఏం జరిగింది? రెండు దేశాల కొలతలు వేరు. మన బంకుల్లో రాసేది రీసెర్చ్ ఆక్టేన్ నంబరు. అమెరికాలో రాసేది రీసెర్చ్, మోటార్ అనే రెండు కొలతల సగటు, అది ఎప్పుడూ చిన్నగా కనిపిస్తుంది. వాళ్ల 87 అంటే మన లెక్కలో 91, 92. వాళ్ల 91 అంటే మన 95, 96. వాళ్ల 93 అంటే మన 97, 98. తమ్ముడు పోయించింది నిజానికి రెండు మూడు పాయింట్లు తక్కువ పెట్రోలు.

ఆ తేడా ఎంత పెద్దదో మజ్డా కంపెనీయే చెప్పింది. పైన చెప్పిన 2.5 టర్బో ఇంజను అమెరికా 93 పెట్రోలుతో 250 హార్స్‌పవర్ ఇస్తుంది, 87తో 227. ఇంజను అదే, టర్బో అదే. తక్కువ ఆక్టేన్ తగిలినప్పుడు కంప్యూటర్ తనంతట తాను వెనక్కి తగ్గుతుంది. మీ షెడ్డులో అమర్చిన టర్బోకు అలా తగ్గడం ఎవరైనా నేర్పితేనే వస్తుంది.

ఇథనాల్ మాటేమిటి? నాకింగ్ విషయంలో అది మిత్రుడే. ఆవిరయ్యేటప్పుడు చాలా వేడి లాగేసుకుంటుంది. కానీ మామూలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి సరిపోతే, 20 శాతం ఇథనాల్ కలిసినదానికి 13.5 పాళ్ల దగ్గరే సరిపోతుంది. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. ఇంజెక్టర్లు చిన్నవైతే మిశ్రమం పలచబడుతుంది. పలచబడిందంటే మళ్లీ వేడి. రోజూ దొరికే పెట్రోలు పోయించే ట్యూన్ చేయించుకోండి, స్నేహితుడు డబ్బాలో తెచ్చిన స్పెషల్ పెట్రోలుతో కాదు.

7. ఇంజను కంప్యూటర్‌కు కళ్లు పెట్టండి

పగిలిన పిస్టన్లలో ఎక్కువ భాగం కంప్రెషన్ వల్ల కాదు, ఇక్కడ పోతాయి. టర్బో లేని కార్లలో చాలావాటికి గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్ ఒక బార్ వరకే చూడగలదు. బయట వాతావరణ ఒత్తిడి కూడా దాదాపు అంతే. బూస్టు మొదలవగానే ఆ సెన్సార్ పైఅంకె దగ్గర ఇరుక్కుపోతుంది. లోపల ఎంత గాలి వచ్చిందో కంప్యూటర్‌కు తెలియదు, పాత లెక్కనే పెట్రోలు పోస్తుంది, పాత లెక్కనే ముందుగా స్పార్క్ ఇస్తుంది. కళ్లకు గంతలు కట్టి ఘాట్ దింపినట్టే.

పాతరోజుల్లో దీనికి పెట్రోలు ప్రెషర్ పెంచే రెగ్యులేటర్ ఒకటి తగిలించి సరిపెట్టేవారు. పెట్రోలు పెరిగేది కానీ టైమింగ్ మారేది కాదు. ఇప్పుడా అవసరం లేదు. మియాటా ప్రపంచంలో మెగాస్క్విర్ట్ లాంటి విడి ఈసీయూలు (ఇంజను కంప్యూటర్లు) ఎప్పటినుంచో వాడుతున్నారు. మీ కారుకు అలాంటిది దొరుకుతుందో లేదో టర్బో కొనకముందే కనుక్కోండి. దొరక్కపోతే ప్రాజెక్టు అక్కడే ఆపేయండి, అందులో నామోషీ లేదు.

ట్యూనర్‌తో మాట్లాడేటప్పుడు పనికొచ్చే అంకెలు కొన్ని. బూస్టులో గాలి, పెట్రోలు పాళ్లు 11.5 నుంచి 12 మధ్య ఉండాలి. టైమింగ్‌ను ఒక్కో పీఎస్‌ఐకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి లాగడంతో మొదలుపెట్టి, తర్వాత సరిచూసుకోవాలి. ప్లగ్గు ఒక మెట్టు చల్లటి రకం వాడి, గ్యాప్ 0.7, 0.8 మిల్లీమీటర్లకు తగ్గించాలి, లేకపోతే బూస్టులో నిప్పురవ్వ ఆరిపోతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నుంచి 200 హార్స్‌పవర్ కావాలంటే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 370 సీసీ దాకా పోయగలగాలి. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ గేజి డ్యాష్‌బోర్డు మీద ఉండి తీరాలి. దాని ఖర్చుకు వెనకాడేవాళ్లు తర్వాత ఇంజను ఖర్చుకు వెనకాడలేరు.

8. మందపాటి గ్యాస్కెట్ మాయలో పడకండి

"హెడ్ దించి మందం గ్యాస్కెట్ వేస్తే కంప్రెషన్ తగ్గిపోతుంది సార్, పిస్టన్లు మార్చక్కర్లేదు." చాలా షెడ్లలో వినిపించే సలహా ఇది. ఎంత మందం వేయాలో ఎవరైనా లెక్క కట్టారా?

మియాటా 1.6తోనే చూద్దాం. బోరు 78 మిల్లీమీటర్లు, స్ట్రోకు 83.6. ఒక్కో సిలిండర్ 399.5 సీసీ. కంప్రెషన్ 9.4 అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 47.6 సీసీ. దాన్ని 8.5కి దించాలంటే ఖాళీ 53.3 సీసీ కావాలి. తేడా 5.7 సీసీ. దాన్ని బోరు వైశాల్యంతో భాగిస్తే గ్యాస్కెట్ మందం దాదాపు 1.2 మిల్లీమీటర్లు పెరగాలి.

1.2 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పిస్టన్ అంచుకూ హెడ్‌కూ మధ్య సన్నటి సందును డిజైనర్లు కావాలనే పెడతారు. ఒక మిల్లీమీటరు దగ్గర ఉండే ఆ సందులోంచి మిశ్రమం ఒక్క ఊపున మధ్యకు చిమ్మి, మంట త్వరగా పాకుతుంది. చివర మూలల్లో మిగిలే మిశ్రమం కూడా తక్కువ. గ్యాస్కెట్ మందం చేస్తే ఆ సందు రెట్టింపవుతుంది. ఊపు పోతుంది, మూలల్లో మిశ్రమం మిగులుతుంది, నాకింగ్ తగ్గాల్సింది పోయి పెరగొచ్చు. కంప్రెషన్ నిజంగా తగ్గించాలంటే పైభాగంలో పళ్లెంలా గుంట ఉన్న ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయించడమే దారి. అంచు సందు అలాగే ఉంటుంది. ఖర్చు ఎక్కువే. అంత ఖర్చు వద్దనుకుంటే కంప్రెషన్ అలాగే ఉంచి బూస్టు తగ్గించుకోండి. రోడ్డు మీద నడిపే కారుకు చాలాసార్లు ఇదే మేలైన మార్గం.

9. చిన్న గొట్టాలే పెద్ద కొంపలు ముంచుతాయి

టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దానికి ఆయిల్ వెళ్లే గొట్టం సన్నగా ఉన్నా పర్వాలేదు, తిరిగొచ్చే గొట్టం మాత్రం లావుగా, వంపులు లేకుండా, కిందికి జారుతూ సంపులో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. ఆయిల్ తిరిగి రాలేకపోతే సీళ్లలోంచి కారి నీలం పొగ వస్తుంది. అప్పుడు చాలామంది టర్బో పాడైందని కొత్తది కొంటారు. తప్పు గొట్టానిది. క్రాంక్‌కేస్ గాలి వెళ్లే పీసీవీ వాల్వు బూస్టులో వెనక్కి తెరుచుకోకుండా చెక్ వాల్వు ఉందో లేదో చూడండి. ఆయిల్ మార్చే గడువు తగ్గించండి. గట్టిగా తోలి వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి.

10. చట్టం గురించి ముందే తెలుసుకోండి

మన దేశంలో ఈ మెట్టు దాటడమే అన్నిటికంటే కష్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పెట్టారు. బీమా కంపెనీకి చెప్పకుండా ఇంజను మార్చిన కారుకు ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించే వీలు వాళ్లకుంది. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో రోడ్డు మీద తిప్పే కారుకు ఈ పని చేయించుకోవద్దు. కోరిక బలంగా ఉంటే ట్రాక్ కోసమే విడిగా ఒక పాత బండి పెట్టుకుని, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే లాంటి చోట్లకు లారీ మీద తీసుకెళ్లి నడపండి. ఘాట్ ఎక్కడానికే పికప్ కావాలంటే ఫ్యాక్టరీ టర్బో కారుకు మారడం చవక.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు దారి కొంత తెరిచి ఉంది. అయినా రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. కాలిఫోర్నియాలో అయితే టర్బో కిట్టుకు అక్కడి గాలి నాణ్యత బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. అది లేని కిట్టు ఎంత బాగున్నా స్మాగ్ పరీక్షలో నిలవదు.

ఇక మొదటిసారి బండి తీసే రోజు. బూస్టు కంట్రోలర్ ఇంట్లోనే ఉంచండి. బూస్టుకు హద్దు పెట్టే వేస్ట్‌గేట్ స్ప్రింగు ఇచ్చే అతి తక్కువ బూస్టుతోనే డైనో (బలం కొలిచే యంత్రం) మీద మొదలుపెట్టించండి. మూడు పరుగులు తీసి మిశ్రమం, టైమింగ్, గాలి వేడి రికార్డు చూశాకే నాలుగోది. చెవికి చిన్న టకటక వినిపించినా కాలు తీసేయండి, కారణం తేలేదాకా మళ్లీ తొక్కకండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు అయ్యాక ప్లగ్గులు తీసి చూడండి. పింగాణీ మీద నల్లమిరియాల పొడి చల్లినట్టు సన్నటి చుక్కలు, మెరిసే అల్యూమినియం రేణువులు కనిపిస్తే పిస్టన్ కరుగుతోందని అర్థం. ఆ రోజే టైమింగ్ వెనక్కి లాగించండి, బూస్టు తగ్గించండి.

ఇవన్నీ చదివి భయపడాల్సిన పని లేదు. ఇందులో ఏదీ మీ చేతికి అందని విద్య కాదు. ఈ ఆదివారం ఒక కంప్రెషన్ గేజి అద్దెకు తెచ్చుకోండి. ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లకూ కొలిచి, నాలుగు అంకెలూ ఒక నోటుపుస్తకంలో తేదీతో సహా రాయండి. వాటి పక్కనే మాన్యువల్‌లో ఉన్న కంప్రెషన్ రేషియో, మీ బంకులో దొరికే పెట్రోలు ఆక్టేన్, మీకు కావాల్సిన హార్స్‌పవర్ రాసుకోండి. ఆ పేజీ పట్టుకుని ట్యూనర్ దగ్గరికి వెళ్లండి. టర్బో కొనే సంగతి ఆయన ఆ పేజీ చదివాక మాట్లాడుకోండి.